చూసిన దినం కొనగూడదు

బైరప్ప తాగడు. పేకముక్క ముట్టడు. పెళ్లాం మీద చెయ్యెత్తి ఎరగడు. తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాపారపట్టి చుట్టుపక్కల ఇన్ని మంచి గుణాలు ఒకే మగవాడిలో దొరకడం అరుదు కాబట్టి, అంకాలమ్మ పెట్టి పుట్టిందని చుట్టాలు అనుకునేవాళ్లు. చుట్టాలకేం, ఎన్నయినా అనుకుంటారు. సంత జరిగే మంగళవారం సాయంత్రం ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, మొగుడు ఈసారి ఏం తోలుకొస్తున్నాడో అని రోడ్డు వైపు చూడాల్సిన ఖర్మ వాళ్లది కాదు కదా.

అతనికి ఉన్నది ఒకటే జబ్బు. సంతకు పోతే వట్టి చేతులతో తిరిగి రాలేడు. టమాటాలు అమ్మడానికి పోయి ఒకసారి టర్కీ కోళ్లు తెచ్చాడు. అవి వీధిలో పిల్లల్ని తరిమి తరిమి పొడిచి, చివరికి ఎవరి కూరకుండలోనో తేలాయి. ఇంకోసారి ఒంటికన్ను పొట్టేలు వచ్చింది. కొమ్ముల అందం చూస్తూ కన్ను సంగతి చూసుకోలేదట. పెళ్లి ఊరేగింపులకు బాడుగకిస్తే డబ్బే డబ్బని ఒక ముసలి గుర్రాన్ని తెచ్చాడు. బ్యాండుమేళం మొదలుకాగానే అది నడిరోడ్డు మీద చతికిలబడేది. ఎద్దులు లేని ఇంటికి ఎద్దుల మెడపట్టీలూ మువ్వలూ వచ్చాయి. ప్రతిదానికీ బైరప్ప దగ్గర ఒక కారణం ఉండేది. ఆ కారణం చెప్పేటప్పుడు అతని గొంతులో అబద్ధం ఉండేది కాదు. అంకాలమ్మకు ఒళ్లు మండేది అక్కడే.

నిజానికి అతనికి ఆ గుర్రం మీదా, ఆ పొట్టేలు మీదా అంత మోజేమీ లేదు. పశువుల సంతలో బేరం నోటితో జరగదు. దళారి వచ్చి కొనేవాడి చెయ్యి పట్టుకుని, రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుతాడు. తువ్వాలు కింద వేళ్లు ముడిచీ విప్పీ ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డ జనం ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూస్తుంటారు. ఆ కాసేపూ బైరప్ప ముఖంలోకి పదిమంది చూసేవాళ్లు. ఇంట్లో అలా చూసేవాళ్లు ఎవరూ లేరు. కొడుకు ఫోన్‌లోంచి తలెత్తడు, కోడలు మర్యాదకు తల దించుకుంటుంది, అంకాలమ్మకు చేతినిండా పని. తువ్వాలు కింద తన వేళ్లు ముడుచుకుని బేరం కుదరగానే అతనికి అరచేతిలోంచి గుండె దాకా ఒక వెచ్చదనం పాకేది. అది ఊరి మలుపు దాకా కూడా నిలిచేది కాదు. మలుపు తిరిగేసరికి చేతిలో ఒక తాడూ, తాడు చివర అక్కరలేని ఒక ప్రాణమూ మిగిలేవి.

తాడంటే గుర్తొచ్చింది. ఆ వైపు ఒక ఆచారం ఉంది. అమ్మినవాడు పశువునిస్తాడు గాని దాని మెడలో పలుపు ఇవ్వడు. పలుపుతో పాటు ఇంటి లక్ష్మి కూడా వెళ్లిపోతుందని, దాన్ని విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. కొన్నవాడు కొత్త పలుపు కట్టి తోలుకుపోవాలి. అందుకే సంత గేటు దగ్గర పెరుమాయి అనే ముసలామె తాళ్లూ పలుపులూ పరుచుకుని కూర్చుంటుంది. ఆమె దగ్గర అందరికంటే ఎక్కువ పలుపులు కొన్నవాడు బైరప్పే. అతను తన వైపు రెండడుగులు వేస్తే చాలు, పెరుమాయి నవ్వుతూ ఒకటి తీసి పట్టుకునేది.

ఇవన్నీ అంకాలమ్మ భరించింది. అరిచింది, అలిగింది, మళ్లీ అన్నం పెట్టింది. ఆ ఇంట్లో తనది అని ఆమె అనుకున్నది బూదమ్మ ఒక్కదాన్నే. బూడిద రంగు ఆలంబాడి జాతి ఆవు. ఎడమ కొమ్ము చెవి వైపు వంగి ఉంటుంది. అది పుట్టిన రోజే దాని తల్లి పాము కరిచి చచ్చిపోతే, పక్కింటి ఆవుపాలు గుడ్డముక్కతో పిండి నోట్లో పోసి అంకాలమ్మే బతికించింది. లేత మెడకు కొబ్బరితాడు గుచ్చుకుంటుందని తన పాత ఆకుపచ్చ చీర చించి, పేని, పలుపు చేసింది. దూడ ఆవయినా అదే పలుపు. అరిగిన చోటల్లా ఇంకో పేలిక కలిపి పేనేది. అంకాలమ్మ గొంతు వినపడితే తప్ప బూదమ్మ పాలు చేపేది కాదు.

రెండేళ్ల కిందట బూదమ్మకు పొదుగు వాచింది. బైరప్ప దాన్ని పశువుల ఆసుపత్రికి తోలుకుపోయాడు. ఆసుపత్రికి దారి సంత పక్కనుంచే, ఆ రోజు మంగళవారం. సూది వేయించి తిరిగొస్తుంటే గేటు లోపల ఒక తెల్లటి పందెపు ఎద్దు కనపడింది. కొమ్ములకు ఎర్ర రంగు, నుదుట పూసలు, చుట్టూ జనం. ఊరికే ఒకసారి చూసి పోదామని బైరప్ప లోపలికి పోయాడు. చేతిలో డబ్బు లేదు కాబట్టి తనకేమీ కాదని ధైర్యం. కదిరవన్ అనే దళారి ఆ మాట విని నవ్వాడు. డబ్బెందుకు, వెనక ఆవుంది కదా అన్నాడు. ఈ రోజు దాటితే ఈ ఎద్దు మళ్లీ కంటికి కనపడదన్నాడు. చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పాడు. జనం బైరప్ప ముఖంలోకి చూశారు. వేళ్లు ముడుచుకున్నాయి. బూదమ్మ మెడలోంచి ఆకుపచ్చ పలుపు తన చేతులతోనే విప్పి, తువ్వాలు వేసుకునే భుజం మీద వేసుకున్నాడు.

సాయంత్రం గుమ్మంలో నిలబడిన అంకాలమ్మ ఎద్దును చూడలేదు. మొగుడి భుజం మీద పలుపు చూసింది. ఈసారి అరవలేదు. దగ్గరికొచ్చి, ఆ పలుపు భుజం మీంచి తీసుకుని లోపలికి పోయింది. అప్పటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు.

ఎద్దు సంగతి చెప్పుకోవాల్సిందేమీ లేదు. దానికి మోకాళ్ల జబ్బు. పందెంలో గీత దాటకముందే కూలబడింది. అయినకాడికి దాన్ని వదిలించుకుని, ఆ వచ్చే మంగళవారమే బైరప్ప పరుగెత్తుకుంటూ సంతకు పోయి బూదమ్మ ఏదని కదిరవన్ కాళ్లా వేళ్లా పడ్డాడు. కావేరి పక్కన హొగేనక్కల్ వైపు ఎవరో తోలుకుపోయారని, ఊరూ పేరూ తనకు తెలియవని కదిరవన్ చేతులు దులుపుకున్నాడు. నది గట్టున ఏదో ఇంట్లో పిల్లలకు పాలిస్తూ ఉంటుందిలే అని బైరప్ప తనకు తాను చెప్పుకున్నాడు. కోడలు తెన్మొళి వినేలా పైకి కూడా అన్నాడు. ఆ మాట వంటింట్లోకి చేరిందో లేదో తెలియలేదు.

అంకాలమ్మ కంచం పెట్టేది, పోయేది. అడగాల్సింది ఏదన్నా ఉంటే కోడలి చేత అడిగించేది. జ్వరమొస్తే కషాయం కాచి పక్కన పెట్టేది, నుదురు మీద చెయ్యి వేసి చూసేది కాదు. చీపురు తిరగేసి నాలుగు తగిలించినా బాగుండేదని బైరప్పకు అనిపించేది. ముప్పై ఏళ్లు తిట్లు తిన్న మనిషికి ఆ తిట్లలో ఎంత ఆదరువు ఉండేదో అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లంతా ఉండీ తాను మాత్రం పరాయి ఇంటి అరుగు మీద కూర్చున్నట్టుండేది. ఇంక అతనికి కావలసింది ఒకటే. అంకాలమ్మ నోట తనతో ఒక మాట.

దారి చూపినవాడు కొడుకు సెల్వరాజ్. ధర్మపురి బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు. ఏదో వీడియోలో చూసి నేర్చుకున్న సూత్రం ఒకటి తండ్రికి ఉపదేశించాడు.

"నాయనా, ఏదైనా నచ్చిందనుకో, కార్ట్‌లో పెట్టి వదిలెయ్యాల. చూసిన దినం కొనగూడదు. పండుకుని లేస్తే ఆ ఆశ అదే చల్లబడుతుంది. ఈ దినం దాటితే దొరకదు అంటాడు చూడు, అది వట్టి అబద్ధం. వాడు అట్ల అన్నాడంటే ఇంకా కొనగూడదు."

ఈ మాట చెప్పేటప్పుడు సెల్వరాజ్ కాళ్లకు ఉన్నవి ఆ నెలలో ఇంటికొచ్చిన రెండో జత బూట్లు. కార్ట్‌లో అవి ఎంతసేపు ఉన్నాయో ఎవరూ అడగలేదు. వాయిదాల మీద కొడుకు తెప్పించుకునేది కొనడం కాదు, తండ్రి తోలుకొచ్చేది జబ్బు. అయినా సూత్రం మంచిదే. బైరప్ప దాన్ని మందు తిన్నంత నిష్ఠగా పట్టుకున్నాడు. సంత వారానికొకసారి కాబట్టి, నచ్చింది ఏదైనా వచ్చే మంగళవారం దాకా ఆగాలని తనకు తానే కట్టడి పెట్టుకున్నాడు.

మొదట్లో ప్రాణం పోయినట్టుండేది. చెయ్యి దురదపెట్టేది. తన తువ్వాలు తన మణికట్టుకే చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, సంతంతా ఒక చుట్టు తిరిగి, టీ తాగి బస్సెక్కేసేవాడు. కదిరవన్ పిలిచి చెయ్యి చాపితే, వచ్చే వారం చూద్దాం అనేవాడు. ఈ రోజు దాటితే దొరకదంటే నవ్వి, అదే మాట మళ్లీ అనేవాడు. నిజంగానే వచ్చే వారానికి ఆ పొట్టేలు మనసులోంచి పోయేది. పోనిది ఏదన్నా ఉంటే, కంటికి మామూలుగా కనపడేది. రానురాను ఆ మాట అతనికి ఊతపదమైంది. సంతలో వాళ్లు అతనికి ‘వచ్చే వారం బైరప్ప’ అని పేరు పెట్టారు. పెరుమాయి ఒకరోజు, నా పొట్ట కొట్టావు గదయ్యా అని అరవంలో సరదాగా దెప్పింది. ఆ దెప్పు అతనికి సన్మానం చేసినట్టనిపించింది.

మంగళవారం సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వంటింట్లోకి వినపడేలా తెన్మొళితో చెప్పేవాడు. ఈ రోజు చిలకపచ్చ రంగు పూసిన బండి చూశానని, కొనలేదని. జత మేకలు చూశానని, భలే ఉన్నాయని, కొనలేదని. తెన్మొళి పాపం తలూపేది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది కాదు, కానీ కాస్త నెమ్మదించేదని అతనికి అనిపించేది. కొన్నాళ్లకు కంచంలో అడగకుండానే ఇంకాస్త పచ్చడి పడింది. ఒకరోజు మంచినీళ్ల చెంబు ఆమె తన చేత్తోనే తెచ్చి పెట్టింది. పోయిన వారం కోడలితో, మీ మామ కాఫీ తాగుతాడో టీ తాగుతాడో అడుగు అంది. అతను పక్కనే ఉన్నాడు. ఆమె అతని వైపు చూస్తూనే ఆ మాట అంది. ఆ రాత్రి బైరప్పకు సంతోషంతో అన్నం దిగలేదు. ఇంకొక్క మంగళవారం గట్టిగా నిలబడితే చాలనుకున్నాడు.

ఆ మంగళవారం రానే వచ్చింది. పొద్దున్నే రెండు మేకపోతుల్ని తోలుకుపోయి మంచి ధరకే అమ్మాడు. వాటి పలుపులు భుజాన వేసుకుని, సొమ్ము నడుముకున్న సంచిలో కట్టుకుని, అలవాటుగా ఒక చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చివరన గోడ వారగా, కోతకు పోయే వట్టిపోయిన ఆవుల్ని వరసగా కట్టేసి ఉన్నారు. పక్కనే లారీ, వెనక తలుపు దించి పలకలు వేసి ఉంది. ఆ వరస వైపు బైరప్ప ఎప్పుడూ చూడడు. పశువుల్ని సాకినవాడు ఎవడూ చూడడు. ఆ రోజు మాత్రం ఒక వంగిన కొమ్ము అతని కాళ్లకు అడ్డంపడింది.

బూదమ్మ. తుంటి ఎముకలు పైకొచ్చాయి. మెడలో నైలాన్ తాడు ఒరుసుకుని పుండు పడి, ఈగలు ముసురుతున్నాయి. బూడిద రంగు మాసిపోయి మట్టిరంగులోకి దిగింది. బైరప్ప దగ్గరకు పోయి, చాలా చిన్నగా పేరు పెట్టి పిలిచాడు. వంగిన కొమ్ము కింద చెవి ఇటు తిరిగింది. తల కూడా ఎత్తింది. అతని వైపు చూసి, అతని వెనక్కి చూసింది. ఎవరికోసం చూసిందో బైరప్పకు తెలుసు.

కదిరవన్‌కు ఆ ఆవు ఏ ఇంటిదో గుర్తే లేదు. వాడికి కనపడింది ఆవు ముందు ఆగిపోయిన ఒక పాత బేరగాడు. వచ్చి పక్కన నిలబడి, కావాలంటే ఇప్పుడే తోలుకుపొమ్మన్నాడు. మధ్యాహ్నం లోపల లారీ కేరళకు బయలుదేరుతుందని, ఈ రోజు దాటితే ఇది మళ్లీ కంటికి కనపడదని చెప్పాడు. రెండేళ్ల కిందట ఎద్దును చూపించి అన్న మాటే, అక్షరం తేడా లేకుండా. చెప్తూనే అతని చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పాడు.

చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆగి బైరప్ప ముఖంలోకి చూశారు. అరచేతిలో ఆ పాత వెచ్చదనం మొదలైంది. అదే వెచ్చదనం. గుర్రం రోజు పుట్టింది, పొట్టేలు రోజు పుట్టింది, బూదమ్మను పోగొట్టిన రోజు పుట్టింది. బైరప్ప చెయ్యి లాక్కున్నాడు.

ఇది ఆ జబ్బు కాదు, ఇది మన బూదమ్మ అని లోపల ఒక గొంతు అంటూనే ఉంది. కానీ ఆ గొంతు ప్రతిసారీ ఏదో ఒకటి అనేది. గుర్రానికీ కారణం చెప్పింది, పొట్టేలుకూ చెప్పింది. ప్రతిసారీ ఇంత నమ్మకంగానే చెప్పింది. తన మనసు చెప్పే మాటను వినకుండా ఉండటమే రెండేళ్లుగా అతను నేర్చుకున్న చదువు. ఆ చదువు ఎంత బాగా వంటబట్టిందంటే, నిజం చెప్పినప్పుడు కూడా మనసును నమ్మడం అతనికి చేతకాలేదు.

ఫోన్ తీసి సెల్వరాజ్‌కు చేశాడు. షాపులో జనం ఉన్నట్టున్నారు, గోలగా ఉంది. ఒక ఆవును చూసినానురా అని మొదలుపెట్టాడు.

"నాయనా, మళ్లా మొదలుపెట్టినావా? రూల్ ఏమి? చూసిన దినం కొనగూడదు. అమ్మ ఇప్పుడిప్పుడే దారికొస్తా ఉండాది, పాడు చేసుకోవద్దు. ఇంటికి పో."

అది ఏ ఆవో బైరప్ప చెప్పలేదు. చెప్పబోయేలోగా కొడుకు పెట్టేశాడన్నది నిజమే. కానీ మళ్లీ చేసి చెప్పవచ్చు. చెయ్యలేదన్నది కూడా నిజమే. అంకాలమ్మకు చేద్దామంటే ఆమె ఫోన్ కోడలికిచ్చేస్తుంది. పైగా ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. ఎదురుగా నిలబడి చెప్పాలి. ఇంత పెద్ద ఆశను కూడా గెలిచి వచ్చానని చెప్తే ఆమె ఇంక మాట్లాడకుండా ఉండలేదు. ఆమె సరే అంటే వచ్చే మంగళవారం వచ్చి తోలుకుపోవచ్చు. సూత్రం సూత్రంగానే ఉంటుంది, ఆవూ దక్కుతుంది.

లారీని చూడలేదా అంటే చూశాడు. పలకలు వేసి ఉండటం కూడా చూశాడు. దళారి మాట అబద్ధమని రెండేళ్లుగా నమ్మినవాడు, అదే మాట ఈసారి నిజమైతే ఏమవుతుందో ఆలోచించడానికి భయపడ్డాడు. వచ్చే వారం చూద్దాం అన్నాడు. కదిరవన్ భుజాలెగరేసి ఇంకొకడి వైపు తిరిగాడు. గేటు దగ్గర పెరుమాయి ముందు బైరప్ప కాళ్లు ఒక క్షణం ఆగాయి. ఆమె తలెత్తేలోగా దాటి పోయాడు. వెనక ఒక ఆవు అరిచింది. అది బూదమ్మ అరుపు కాదని బస్సెక్కేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ముందు ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, భుజం మీది పలుపులు చిలక్కొయ్యకు తగిలించి, అరుగు మీద కూర్చున్నాడు. తెన్మొళి మంచినీళ్లు తెచ్చింది.

"ఈ దినం సంతలో మన బూదమ్మని చూసినాను," అన్నాడు వంటింటి వైపు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఈసారి నెమ్మదించడం కాదు, ఆగింది. అంకాలమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"యాడ?"

రెండేళ్ల తర్వాత అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. బైరప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆనందంలో కూర్చుకున్న మాటల వరస చెదిరిపోయి, అన్నీ ఒకేసారి బయటపడ్డాయి.

"మన బూదమ్మే అంకాలూ. ఆ కొమ్ము అట్లే ఉండాది. పేరు పెట్టి పిలిస్తే చెవి తిప్పింది. వట్టిపోయింది పాపం, లారీ పక్కన కట్టేసి ఉన్నారు. కదిరవన్ తువ్వాలు కూడా కప్పినాడు. దుడ్డు నా నడుములోనే ఉన్నింది. అయినా నేను కొనలేదు. చూసిన దినం కొనగూడదని వచ్చేసినాను."

అంకాలమ్మ అతని ముఖం చూసింది. తర్వాత అతని చేతులు చూసింది. వట్టి చేతులు. ఎన్నేళ్లుగానో గుమ్మంలో నిలబడి ఆమె చూడాలని కోరుకున్న వట్టి చేతులు. లోపలికి పోయింది. రాగుల పెట్టె మూత ఎత్తిన చప్పుడయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఆకుపచ్చ పలుపు ఉంది. ఉతికి, ఆరేసి, చుట్టచుట్టి దాచిన పలుపు. ఎప్పుడో ఒకరోజు పనికొస్తుందని దాచిందని అప్పుడు అర్థమైంది బైరప్పకు.

"లెయ్, పద."

వాళ్లు వాకిలి దాటుతుంటే మోటార్ సైకిల్ మీద పార్సిల్ కుర్రాడొకడు వచ్చి సెల్వరాజ్ పేరు అడిగాడు. తెన్మొళి సంతకం పెట్టి డబ్బా తీసుకుని, అత్తమామల్ని చూసి ఎందుకో దాన్ని వెనక్కి దాచుకుంది. ఎవరూ దాని వైపు చూడలేదు. బస్సు కోసం ఆగే ఓపిక అంకాలమ్మకు లేదు. ఆటో మాట్లాడింది. దారిలో ఒక్కసారే, ఇంకొంచెం తొందరగా పోనీమని డ్రైవర్‌తో అంది. పలుపును ఒళ్లో పెట్టుకుని, అరిగిన చోట వేలితో తడుముతూ కూర్చుంది.

సంత ముగిసింది. గోడ వారగా పేడ, తొక్కిన గడ్డి, తెగిన నైలాన్ తాడు ముక్కలు. లారీ నిలబడిన చోట నూనె మరక. అంకాలమ్మ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచింది. బూదమ్మను పేరు పెట్టి పిలవలేదు. పిలిచినా పలికేవాళ్లు లేరని ఆమెకు తెలుసు.

గేటు దగ్గర పెరుమాయి మిగిలిన తాళ్లు గోనెసంచిలోకి ఎత్తుకుంటోంది. అంకాలమ్మ వచ్చీరాని అరవంలో వంగిన కొమ్ము ఆవు గురించి అడిగింది. పెరుమాయికి గుర్తుంది. లారీ పొద్దు నడినెత్తికి రాకముందే పోయిందని చెప్పింది. మిగిలినవన్నీ ఎక్కాయి గాని ఆ ఒక్కటే పలక ఎక్కనని చాలాసేపు మొండికేసిందని, చివరికి నలుగురు పట్టి ఎక్కించారని చెప్పింది. చెప్పి, అంకాలమ్మ చేతిలోని పలుపు చూసింది. చీర పేలికల పలుపు ఇంకెన్నాళ్లు ఆగుతుంది, పలుపుల్లో ఇదొక్కటే మిగిలింది, సరసంగా ఇస్తాను తీసుకోండి అంటూ ఒక కొత్త పలుపు తీసి బైరప్ప వైపు చాపింది.

"వచ్చే వారం చూద్దాం," అన్నాడు బైరప్ప.

అనాలని అనలేదు. రెండేళ్లుగా నోటికి పట్టిన మాట దానంతటదే జారింది. జారాక పట్టుకోవడానికి ఏమీ లేదు. పెరుమాయి అలవాటుగా నవ్వి సంచి మూతి కట్టుకుంది.

అంకాలమ్మ అతని వైపు తిరిగింది. కోపం ఉంటే బాగుండునని బైరప్ప వెతికాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఆమె దగ్గరికొచ్చి, ఆకుపచ్చ పలుపు అతని భుజం మీద, తను తీసుకున్న చోటే, తిరిగి పెట్టింది. జారిపోకుండా సర్దింది కూడా.

"ఇంక నీకు ఏమి కావాలంటే అది కొనుక్కో," అంది. గొంతు మామూలుగా ఉంది. "చూసిన దినమే కొనుక్కో. నేను ఏమీ అడగను."

బస్సొచ్చింది. అంకాలమ్మ ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. బైరప్ప వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కొంతదూరం పోయాక ఆమె వెనక్కి తిరిగి, టికెట్ తీసుకున్నావా అని అడిగింది. రాత్రికి ఏం వండమంటావని అడిగింది. అప్పటి నుంచి అంకాలమ్మ అతనితో మాట్లాడుతూనే ఉంది, వీధిలో వాళ్లతో మాట్లాడినట్టు.